లంకలో 2 ఎకరాలు కౌలుకి చూస్తున్నా, "మంచి ఒండలి నేల" అంటే ఏం చూసి నమ్మాలి?

కొత్తకౌలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర ఒక పల్లె. తాత కాలం నుంచీ మాకు నల్లరేగడిలో వరి, దాని వెనకాల మినుము, ఇంతే వ్యవసాయం. ఈసారి కొల్లిపర వైపు కృష్ణా నది లంకలో, అంటే ఏటికీ కరకట్టకీ మధ్య వరద మేట వేసిన భూమిలో, 2 ఎకరాలు కౌలుకి మాట్లాడుతున్నాను, ఒక ఎకరం పసుపు, ఇంకో ఎకరం అరటి వేద్దామని ఆలోచన. మా ఊళ్ళో వరి చేనుకిచ్చే కౌలుకి రెట్టింపు పైనే అడుగుతున్నారు. "ఒండలి నేలండీ, ఎంత వాన పడ్డా రెండో రోజుకి కాలు దిగదు, వేసవిలో వారం తడి ఇవ్వకపోయినా మొక్క తల వాల్చదు" అన్నారు పొలం గలాయన. వినడానికి బాగుంది కానీ నీరు ఇట్టే ఇంకిపోయే నేల మళ్ళీ తడిని అన్ని రోజులు ఎలా పట్టి ఉంచుతుంది? ఈ రెండూ ఒకే నేలకి ఎలా కుదురుతాయి?

నిన్న వెళ్ళి చూశాను. పై మట్టి గోధుమ రంగులో మెత్తగా ఉంది. గుప్పెట్లో నొక్కితే ముద్దయింది, వేలితో పొడిస్తే విడిపోయింది, మా రేగడిలా చెప్పుకి అంటుకోలేదు. పొలం ఒక చివర ఏటి ఒడ్డు దాకా ఉంది, రెండో చివర కరకట్ట వైపు, కొంచెం పల్లం. 2024 సెప్టెంబరు వరదలో మొత్తం మునిగిందట. అడ్వాన్సు ఇవ్వడానికి వారం టైముంది. ఈ లోపు నేనేం చూడాలి? ఆ నేలలు తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

లంకరైతు

తమ్ముడూ, నువ్వు చూసింది పై మట్టి. లంకలో పై మట్టి ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఎందుకంటే దాన్ని మొన్న వచ్చిన వరద పరిచి వెళ్ళింది. దాని కింద అంతకు ముందు వరద వేసింది ఉంటుంది, ఇంకా కింద మా నాన్న కాలంలో వచ్చింది ఉంటుంది, ఒక్కొక్కటీ ఒక్కో రకం. నీ రేగడి పొలంలో ఎక్కడ తవ్వినా నాలుగడుగుల దాకా దాదాపు ఒకటే మన్ను కాబట్టి నీకు ఈ అలవాటు ఉండదు, అదే నీకు ఇక్కడ ప్రమాదం.

నా సంగతి చెబుతాను. పన్నెండేళ్ళ కిందట పక్క లంకలో ఎకరంన్నర కౌలుకి తీసుకుని పసుపు పెట్టాను. పై మట్టి నువ్వు చెప్పినట్టే, పిండిలా. ఆగస్టు దాకా ఆకు మొగలి పొదలా లేచింది. తర్వాత ముసురు పట్టి నాలుగు రోజులు వదలకుండా కురిసింది. మిగతా చేలల్లో మూడో రోజుకి బోదెలు ఆరితే మాది మాత్రం అడుగు పెడితే చీలమండ దాకా దిగింది. ఆకు అంచులు పసుపు రంగుకి తిరిగాయి, మొక్క పట్టి లాగితే కాండం చేతికి ఊడి వచ్చింది, దుంప మెత్తబడి వాసన కొట్టింది. దుంపకుళ్ళు. మందు పోశాం, ఆగలేదు. పంట పోయాక గునపం పెట్టి తవ్వితే రెండడుగుల కింద జానెడు మందాన నీలంగా ఉన్న బంకమన్ను పలకలా పరుచుకుని ఉంది, దాని మీద నీళ్ళు కుండలో ఉన్నట్టు ఉన్నాయి. ఆ గొయ్యి పంట పెట్టకముందు తవ్వి ఉంటే ఆ ఏడాది మా పిల్లదాని కాలేజీ ఫీజుకి అప్పు చేసేవాణ్ణి కాదు.

అందుకని ముందు గోతులు తవ్వు. ఒకటి కాదు, ఏటి వైపు ఒకటి, మధ్యలో ఒకటి, పల్లంలో ఒకటి. నాలుగడుగుల లోతు. తవ్వనివ్వను అంటే ఆ పొలం వదిలెయ్.

ఇంకో మాట, గట్ల మీద ఏం మొలిచిందో చూడు. రెల్లు దుబ్బులు గట్టిగా ఉంటే కింద ఇసుక. జమ్ము ఉంటే అక్కడ నీరు నిలుస్తుంది, ఎవరేం చెప్పినా సరే. పొలంలో ఇప్పుడు మొక్కజొన్న ఉంటే దూరం నుంచి చేను పైభాగం చూడు, ఒకే ఎత్తున ఉందా, అలలు అలలుగా ఉందా అని. చేను కుంగిన చోట కింద ఇసుక మేట గానీ బంక గానీ ఉంటుంది.

మట్టిబడి

నేను నేలల శాస్త్రంలో పీజీ చేశాను. లంకరైతు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను ఎందుకలా జరుగుతుందో చెబుతాను, ముఖ్యంగా మీరు అడిగిన మొదటి ప్రశ్నకి, ఎందుకంటే అది అర్థమైతే మిగతావన్నీ మీకే తెలిసిపోతాయి.

మట్టిలో మూడు రకాల రేణువులుంటాయి. ఇసుక కంటికి కనిపిస్తుంది. బంక రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది. ఈ రెంటికీ మధ్యలో ఉన్నది ఒండలి, తడిపి వేళ్ళ మధ్య రుద్దితే పిండిలా జారుతుంది, జిగట ఉండదు. ఈ మూడూ కలిసి, ఏ ఒక్కటీ మిగతావాటిని మింగెయ్యకుండా ఉన్న నేల గరప నేల. లెక్కల్లో చెప్పాలంటే బంక 7 నుంచి 27 శాతం, ఒండలి 28 నుంచి 50 శాతం, మిగతాది ఇసుక. చూడండి, బంక పావు వంతు ఉంటే చాలు, దాని ప్రభావం అంత ఎక్కువ.

ఇప్పుడు మీ ప్రశ్న. నేలలో నీరు ఉండేది రేణువుల మధ్య సందుల్లో. పెద్ద సందుల్లో నీరు తన బరువుకి తనే కిందికి దిగిపోతుంది, ఆ ఖాళీలోకి గాలి వస్తుంది, వేరు ఊపిరి తీసుకుంటుంది. చిన్న సందుల్లో నీరు రేణువులకి అంటుకుని ఉండిపోతుంది, దాన్ని వేరు మెల్లగా పీల్చుకుంటుంది. ఇసుకలో అన్నీ పెద్ద సందులే, అందుకే తడి నిలవదు. మీ రేగడిలో దాదాపు అన్నీ మరీ చిన్నవి, నీరు బోలెడు ఉంటుంది కానీ గట్టిగా పట్టేసుకుంటుంది, అందులో చాలా భాగం మొక్కకి దొరకదు, వాన పడితే గాలీ ఆడదు. గరప నేలలో రెండు రకాల సందులూ ఉన్నాయి. కాబట్టి రెండు రోజుల్లో అదనపు నీరు దిగిపోతుంది, మిగిలింది నిలుస్తుంది. రైతులు "పదును మీద ఉంది" అంటారే, అదనపు నీరు పోయి అవసరమైన నీరు మిగిలిన ఆ స్థితి అన్నమాట. మీటరు లోతు గరప నేల మొక్కకి అందేలా సుమారు 15 సెంటీమీటర్ల నీటిని దాచుకుంటుంది. ఇసుక అందులో సగమో అంతకన్నా తక్కువో.

ఇక ఏటి పని. వరద జోరుగా ఉన్నప్పుడు పెద్ద రేణువుల్ని కూడా మోసుకొస్తుంది. గట్టు దాటి పక్కలకి పరుచుకోగానే వేగం పడిపోతుంది కదా, ముందు బరువైన ఇసుకని ఒడ్డు దగ్గరే దించేస్తుంది, కొంచెం లోపలికి వచ్చాక సన్న ఇసుక, ఒండలి దింపుతుంది, చివరికి పల్లంలో నిలిచిపోయిన నీట్లోంచి రోజుల తరబడి బంక మెల్లగా అడుగుకి చేరుతుంది. కాబట్టి మీ పొలం మీరు చెప్పినట్టే ఉంటే ఏటి వైపు మెరక తేలిక నేల, కరకట్ట వైపు పల్లం బరువు నేల అయ్యే అవకాశం ఎక్కువ. రెండెకరాలు ఒకే నేల అనుకోకండి. పైగా ఏరు తన దారి మార్చుకుంటూ ఉంటుంది, ఒకప్పటి పాయ ఉన్నచోట ఇవాళ పొలం ఉండొచ్చు, అందుకే అడుగున ఇసుక, బంక పొరలు ఇలా తారుమారుగా కనిపిస్తాయి.

గొయ్యి తవ్వాక చూడాల్సింది ముందు రంగు. మూడడుగుల దాకా ఒకే గోధుమ రంగు ఉంటే అక్కడ గాలి ఆడుతోందని అర్థం, మట్టిలోని ఇనుము గాలి తగిలితేనే ఆ రంగులో ఉంటుంది. బూడిద రంగు నేల మీద తుప్పు మరకలు చుక్కలు చుక్కలుగా ఉంటే ఆ లోతు దాకా ఏటా కొన్ని వారాలు నీరు నిలుస్తుంది. మీరు వెళ్ళిన రోజున పొడిగా ఉన్నా మరక చెరిగిపోదు, అందుకే వేసవిలో నేల చూడ్డానికి నాకు దీన్ని మించిన సాక్ష్యం లేదు. లంకరైతు గారి గోతిలో నీలం రంగు అన్నారే, అది అసలు గాలే ఆడని చోటు.

తర్వాత పొరలు. బంక పొర ఎంత చెడ్డదో ఆయన చెప్పేశారు. ఇసుక పొర గురించి చాలామంది పొరపడతారు, కింద ఇసుక ఉంటే నీరు బాగా దిగిపోతుందనుకుంటారు. మెత్తని మట్టి కింద ముతక ఇసుక ఉంటే పై మట్టి దాదాపు నిండేదాకా నీరు ఇసుకలోకి దిగదు, చిన్న సందులు నీటిని వదలవు. పైన గరప మట్టి మూడడుగులు ఉంటే ఇది మంచిదే, తడి ఎక్కువ రోజులు ఉంటుంది. పైన అడుగే ఉంటే మాత్రం వానకి బురద, వారం ఎండకి కరువు, రెండూ చూస్తారు.

ఇంటి దగ్గర చెయ్యగలిగినవి రెండున్నాయి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. నిమిషంలో దిగింది ఇసుక, రెండు గంటల్లో దిగింది ఒండలి, రెండు రోజులదాకా నీళ్ళు మబ్బుగా ఉంచేది బంక. స్కేలు పెట్టి కొలవచ్చు. రెండోది, తడి ముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదియ్యండి. అంగుళం లోపు తెగితే గరప. రెండంగుళాలు దాటి సాగితే బంక.

ఇంకుడు చూడాలంటే అడుగు వెడల్పు, అడుగు లోతు గుంట తీసి రాత్రి నీళ్ళు నింపి వదిలెయ్యండి. పొద్దున మళ్ళీ నింపి గంటకి ఎంత దిగిందో చూడండి. అంగుళం నుంచి మూడంగుళాలైతే బాగున్నట్టే. అరంగుళం కూడా దిగకపోతే పసుపు వద్దు.

నర్సరీఅక్క

మాది కడియం వైపు, గోదావరి ఒండ్రు మీద పుట్టి పెరిగిన దాన్ని. మట్టిబడి గారు అంత బాగా చెప్పాక నేను చెప్పేది కొంచెమే, కానీ ఎవరూ అనని మాట ఒకటుంది. ఒండలి ఎక్కువున్న నేల చాలా సున్నితం. తడిగా ఉన్నప్పుడు ట్రాక్టరు దింపితే అది పాడైపోతుంది, మళ్ళీ దారికి రావడానికి ఏళ్ళు పడుతుంది. మా చిన్నాన్న వాళ్ళ పొలంలో ఏటా అదే లోతున రోటవేటరు తిప్పీ తిప్పీ అయిదంగుళాల కింద చపాతీ పీటలా గట్టి పొర కట్టింది. పైన చూస్తే నేల బంగారం. వేళ్ళు మాత్రం ఆ పొర దాకా దిగి అక్కణ్ణుంచి పక్కకి తిరిగిపోయాయి. గొయ్యి తవ్వినప్పుడు చాకు మొనతో పై నుంచి కింది దాకా గుచ్చుకుంటూ వెళ్ళండి, చాకు ఆగిన చోటు ఇదే.

ఇంకోటి, పెద్ద చినుకులు పడి వెంటనే ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. చిన్న విత్తనమైతే మొలక ఆ పెచ్చు కింద మెలితిరిగి ఉండిపోతుంది, పైకి రాదు. పసుపు దుంపకి బలం ఉంటుంది కాబట్టి ఫరవాలేదు, కానీ అంతరపంటగా ఏమైనా విత్తితే గుర్తుంచుకోండి. దీనికి మందు పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పైన ఆకు పరవడం, అంతే. ఒండ్రు నేల అంటే తనంతట తనకే అన్నీ ఉంటాయని అనుకోవద్దు, లంక భూముల్లో చాలాచోట్ల నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువగానే ఉంటాయి. ఏటా కొత్త ఒండ్రు వేసే వరదలు కూడా పైన డ్యాములు వచ్చాక తగ్గిపోయాయి, కృష్ణకి మరీ.

మొక్కని గడ్డతో తీసేవాళ్ళం కాబట్టి మాకు చేతికే తెలుస్తుంది. మంచి నేలలో గడ్డ చెదరకుండా వస్తుంది, గోనెసంచి చుట్టేటప్పుడు వేలు నొక్కితే కొంచెం లోపలికి వెళ్తుంది. ఇసుక ఎక్కువైతే లారీ ఎక్కేలోపే వేళ్ళు బయటపడతాయి. బంక ఎక్కువైతే ఎండి రాయైపోతుంది. మంచి గడ్డని విరిచి చూస్తే సన్న సన్న కన్నాలు, వానపాముల దారులు ఉంటాయి, వాసన కూడా వేరు, తొలకరి వాసన.

కొత్తకౌలు

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. నల్లరేగడి వాడిని కదా, నేల అంటే పైనుంచి కిందికి ఒకటే అని నిజంగానే అనుకున్నాను. రేపు గునపం, పలుగు తీసుకుని వెళ్తున్నా. ఒక్క డౌటు, పొలం గలాయన మట్టి పరీక్ష కార్డు చూపించారు, అన్నీ బాగానే ఉన్నట్టుంది. అది చాలదా?

మట్టిబడి

కార్డు అవసరమే, చాలదు. ఆ నమూనా తీసేది పై ఆరంగుళాల్లో, అందులో ఉండేది ఉదజని సూచిక (pH), లవణాలు, పోషకాలు. నీరు ఎలా దిగుతుందో, అడుగున ఏముందో అది చెప్పదు. అరటి వేసే ఎకరంలో ఒక్కో అడుగు లోతుకీ విడిగా నమూనా తీసి పంపండి. ఇంకా కార్డు మీద తేదీ చూడండి, 2024 వరదకి ముందుదైతే అది ఇప్పుడున్న పై మట్టి గురించి కాదు. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళింది, అంత నీరు పారాక కొన్ని చేలకి ఒండలి వచ్చింది, కొన్ని చేలకి ఇసుక మేట వేసింది.

లంకరైతు

ఆ వరద నేను చూశాను తమ్ముడూ, మా అరటి తోటలో ఆకులు కూడా కనపడలేదు. నీరు తీశాక మాకు నాలుగు వేళ్ళ మందాన ఒండలి పడింది, ఆరాక చిన్న చిన్న పలకలుగా పగిలింది. మా పక్కాయన చేలో మోకాలి లోతు ఇసుక. మధ్యలో గట్టు ఒక్కటే తేడా. కాబట్టి పక్క పొలం చూసి ఈ పొలం ఇలా ఉంటుందని అనుకోవద్దు.

ఇంకోటి మర్చిపోయాను. లంక మునగకపోయినా ఏరు నిండుగా పారే రోజుల్లో అడుగు నుంచి ఊట పైకి వస్తుంది. ఏప్రిల్లో ఏ నేలైనా నీరు ఇంకే నేలలాగే కనపడుతుంది. ఆగస్టులో ఆ చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఎంత పైకి వస్తాయని అక్కడి కూలీల్ని అడుగు, పొలం గలాయన్ని కాదు. అరటి, పసుపు రెండూ వేళ్ళు మూడు నాలుగు రోజులు నీట్లో ఉంటే తట్టుకోలేవు.

కొత్తకౌలు

వెళ్ళొచ్చాను. తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళాను, మూడు గోతులకీ పొద్దున ఆరు నుంచి పదకొండు పట్టింది. పొలం గలాయన మొదట మొహం ముడుచుకున్నారు, తర్వాత ఆయనే వచ్చి పార పట్టారు.

ఏటి వైపు గొయ్యి: నాలుగడుగుల దాకా గోధుమ రంగే. మూడడుగుల దగ్గర నుంచి సన్న ఇసుక మొదలైంది. మరకలు లేవు. అంగుళం లోపే రిబ్బను తెగింది. ఇంకుడు గంటకి రెండంగుళాలు. వానపాము కన్నాలు మోచేతి లోతు దాకా ఉన్నాయి, ఒక కన్నంలోంచి పాత మొక్కజొన్న వేరు కిందికి వెళ్ళడం చూశాను. నర్సరీఅక్క గారు చెప్పినట్టు చాకు గుచ్చితే అయిదారు అంగుళాల దగ్గర కొంచెం గట్టిగా తగిలింది, తర్వాత మెత్తబడింది.

మధ్య గొయ్యి: ఇంచుమించు అలాగే, కాకపోతే రెండున్నర అడుగుల దగ్గర రెండు వేళ్ళ మందాన చాక్లెట్ రంగు బంక పొర. దాని కింద మళ్ళీ మంచి మట్టి. ఆ పొర మీద ఒకటి రెండు తుప్పు చుక్కలు.

పల్లం గొయ్యి: అడుగున్నర దాటగానే బూడిద రంగు, తుప్పు మరకలు నిండా. మూడడుగుల దగ్గర చేతికి చల్లగా తగిలింది, ముద్ద చేసి సాగదీస్తే రెండున్నర అంగుళాలు తెగకుండా వచ్చింది. గట్టు పక్కన జమ్ము కూడా ఉంది, మొదటిసారి వెళ్ళినప్పుడు కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోలేదు. అక్కడ పని చేసే ఆవిడ ఆగస్టులో ఆ మూలకి గడ్డి కొయ్యడానికి కూడా వెళ్ళలేమని చెప్పింది.

సీసాలు మూడూ కిటికీలో పెట్టాను. రెండో రోజు కూడా పల్లం సీసాలో నీళ్ళు మజ్జిగ తేటలా మబ్బుగానే ఉన్నాయి, ఏటి వైపుది తేరుకుంది.

మొత్తం మీద ఎకరంన్నర దాకా బాగుంది, అరెకరం పల్లం. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?

లంకరైతు

బాగా చూశావు. ఏటి వైపు పసుపు పెట్టు, బోదెలు ఎత్తుగా తోలు. మధ్యలో అరటి, గుంట తీసేటప్పుడు ఆ రెండు వేళ్ళ బంక పొర తగిలినచోటల్లా గునపంతో పొడిచి తెంపెయ్, అంత పలచటిది అడ్డం కాదు. పల్లం అరెకరంలో దుంప పంట ఊసే ఎత్తకు, నీకు తెలిసిన వరే వేసుకో, లేదా గేదెలకి గడ్డి పెట్టు. మధ్య నుంచి పల్లం వైపు ఒక మురుగు కాలువ ముందే తీసి ఉంచు, జూన్‌లో తీద్దాంలే అనుకుంటే తీరిక దొరకదు.

కౌలు మాత్రం రెండెకరాలకి ఒకే రేటు ఒప్పుకోకు. ఆయనే పార పట్టి తవ్వాడు కదా, పల్లం గొయ్యి పూడ్చకముందే దాని దగ్గర నిలబడి మాట్లాడు.

నర్సరీఅక్క

ఇప్పుడే పిల్లిపెసరో జనుమో చల్లి పూతకి రాగానే దున్నెయ్యండి, పసుపు పెట్టేలోపు కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది. దున్నేది పదును మీదే, ఒక పూట ఆగాల్సి వచ్చినా ఆగండి. అయిదంగుళాల లోతున తగిలిన ఆ గట్టి పొర కోసం ఈ ఒక్కసారి రోటవేటరు బదులు లోతు నాగలి వేయించండి.

కొత్తకౌలు

గొయ్యి ఇంకా పూడ్చలేదు. సాయంత్రం వెళ్తున్నా.